చర్మపు రెండు పొరల నడిమి హద్దు



నాలుగు సంవత్సరముల క్రిందట మా సంఘములోని ఒక యింటినిగూర్చి మాకు ఫిర్యాదు వచ్చెను. ఆ యింటి అవ్వకు ఎనుబది యేండ్లు దాటినవి. వయసులో నున్నప్పుడు ఆమె సముద్రపు గట్టున ఉప్పుమడులలో కూలి చేసినది. ఇప్పుడు మంచముమీదనుండి తనంతట తాను లేవలేదు. ఆమె ముంజేతులమీద కమిలిన నల్లని మచ్చలున్నవనియు, ఒకచోట తోలు చీరి వ్రేలాడుచున్నదనియు, కోడలు కొట్టుటవలననే అట్లయినదనియు ఇరుగుపొరుగువారు చెప్పిరి. మేము ఇద్దరు సంఘ పెద్దలను వెంటబెట్టుకొని వెళ్లితిమి. అవ్వ చేయి చూచితిమి. చూచినవెంటనే కోడలిని ఎదుట నిలువబెట్టి అడిగితిమి.

"నేను కొట్టలా అయ్యగారూ. మంచంమీంచి లేపదామని చెయ్యి పట్టుకున్నా, అంతే" అని ఆమె యేడ్చెను. "అది కొట్టలా నాయనా" అని అవ్వయు చెప్పెను. అవ్వ భయముచేత అట్లనుచున్నదని మేము తలంచితిమి. ఆ నెల కోడలిని ప్రభువు బల్లకు రావద్దని చెప్పితిమి.

రెండు వారములైన తరువాత మేము మరల ఆ యింటికి వెళ్లినప్పుడు కోడలు నీళ్లకు వెళ్లియుండెను. అవ్వ కూర్చుండవలెనని కోరగా మేమే ఆమె ముంజేయి పట్టుకొని లేవదీసితిమి. గట్టిగా లాగలేదు. అయినను మా బొటనవ్రేలి క్రింద ఆమె తోలు తడిసిన కాగితమువలె జారి చీరిపోయెను. నెత్తురు వచ్చెను. ఆ దినమున ఆ యింటిలో మేమును అవ్వయు తప్ప వేరెవరును లేరు.

కట్టు కట్టుటకు వచ్చిన నర్సమ్మగారు పని చేయుచునే మాకు కొన్ని సంగతులు చెప్పిరి. వాటికి మేము తరువాత చదివి తెలిసికొనినవి చేర్చి ఈ నెల పాఠముగా వ్రాయుచున్నాము. మా తప్పు మీరు చేయకుండవలెనని మా కోరిక.

1. రెండు పొరలు

మనము చర్మమని ఒక్కమాటగా చెప్పునది నిజముగా రెండు వేరువేరు పొరలు. పై పొర చాల పలుచనిది. దేహములో ఎక్కువ భాగమున అది ఒక కాగితమంత మందము, అనగా మిల్లీమీటరులో సుమారు పదవ వంతు. అరచేతులలోను అరికాళ్లలోను మాత్రము అది దళసరిగా నుండును. ఈ పొరలో కణములు ఇటుకల వరుసలవలె ఒకదానిమీద నొకటి పేర్చబడియుండును. అడుగు వరుసలో క్రొత్త కణములు పుట్టి, పైకి జరుగుచు, చచ్చి పొట్టుగా రాలిపోవును. ఇందుకు ఇంచుమించు నాలుగు నుండి ఆరు వారములు పట్టును. మన పై తోలు ఎప్పటికప్పుడు క్రొత్తదగుచునే యున్నదన్నమాట.

లో పొర దళసరిది. ఇందులో పీచువంటి నారపోగులు అల్లుకొనియున్నవి. రక్తనాళములు, నరములు, చెమట గ్రంథులు, వెండ్రుకల కుదుళ్లు ఈ పొరలో నుండును. చర్మమునకు సాగుడు, బలము దీనివలననే కలుగును.

పై పొరలో రక్తనాళమొక్కటియు లేదు. ముల్లు గీరుకొని తెల్లని చార పడి నెత్తురు రానప్పుడు ఆ గీత పై పొరలోనే నిలిచిపోయినదని తెలిసికొనవచ్చును. నెత్తురు చుక్క కనబడినదా, ముల్లు హద్దు దాటినది. ఈ హద్దునుగూర్చియే మన పాఠము.

2. హద్దు ఎట్లు కట్టబడియున్నది

మీ రెండు అరచేతులను చదునుగా ఒకదానిమీద నొకటి పెట్టి, ప్రక్కకు తోయుడి. సులువుగా జారిపోవును. ఇప్పుడు రెండు చేతుల వ్రేళ్లను ఒకదాని సందులలో నొకటి దూర్చి పట్టుకొని, మరల ప్రక్కకు తోయుడి. జారవు. చర్మపు రెండు పొరలు కలిసియుండుట ఈ రెండవ విధముగానే. పై పొర అడుగున గట్లు క్రిందికి దిగును. లో పొరనుండి చిన్న చిన్న మొటిమలవంటివి పైకి లేచి ఆ గట్ల సందులలో కూర్చుండును. అందుచేత హద్దు సరళరేఖగా నుండక అలలుగా నుండును. అలలుగా నున్నందున రెండు పొరలు ఒకదాని నొకటి తాకు చోటు ఎక్కువగును, పట్టు బలపడును.

ఈ అలల పొడుగునను మిక్కిలి పలుచని రేకు ఒకటి పరచబడియున్నది. శాస్త్రజ్ఞులు దీనిని ఆధార త్వచమందురు. పై పొర కాగితమంత మందమని చెప్పితిమి గదా, ఆ కాగితపు మందమును వేయి భాగములు చేసినయెడల ఒక భాగము ఈ రేకు మందమునకు ఇంచుమించుగా సరిపోవును. మామూలు సూక్ష్మదర్శినిలో రంగువేసి చూచినప్పుడు ఇది ఒక సన్నని గీతగా మాత్రమే కనబడును. 1931లో జర్మనీలో ఎర్నెస్ట్ రుస్కా, మాక్స్ నోల్ అనువారు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిని కనిపెట్టిన తరువాత, ఆ గీతలోని పనితనము రాను రాను బయలుపడెను.

ఆ పనితనము మన జాలరి సహోదరులకు సులువుగా తెలియును. వలను దాని అంచు త్రాడునకు కట్టునప్పుడు వారు ప్రతి కన్నును దారముతో ఆ త్రాడునకు ముడివేయుదురు. అట్లే పై పొర అడుగు వరుసలోని ప్రతి కణమును గుండీలవంటి బిగింపులతో ఆ రేకునకు తగిలించబడియున్నది. ఆ బిగింపులనుండి లామినిన్ అను పదార్థపు సన్నని దారములు రేకులోనికి పోవును. రేకు తాను కొల్లాజెన్ అను నారపదార్థముతో వలవలె అల్లబడినది. రేకు అడుగునుండి మరియొక జాతి కొల్లాజెన్ ఉచ్చులవలె లో పొరలోనికి దిగును, ఆ ఉచ్చులగుండ లో పొర నారపోగులు దూరి పోవును. ఈ విధముగా పై కణము మొదలుకొని లోపలి నారవరకు ముడి వెంబడి ముడి యున్నది. వీటిలో ఏ ఒక్కటి వదులైనను తోలు జారును.

3. హద్దు చేయు పనులు

మొదటిది, పట్టుకొనుట. తెడ్డు వేయునప్పుడును, వల లాగునప్పుడును, నాట్లు వేయునప్పుడును మన తోలు ఎంతో రాపిడికి లోనగును. అయినను పై పొర ఊడిరాకుండుటకు ఈ హద్దే కారణము.

రెండవది, ఆహారము పోనిచ్చుట. పై పొరలో రక్తము లేదు గనుక దానికి కావలసిన పోషణయంతయు లో పొర రక్తనాళములనుండి ఈ రేకుగుండ ఊరి పోవలెను. అలలుగా నుండుటవలన రక్తనాళములు పై పొరకు మరింత చేరువగా వచ్చుచున్నవి.

మూడవది, కాపలా. ఈ రేకు జల్లెడవంటిది. చిన్న వాటిని పోనిచ్చి పెద్ద వాటిని ఆపును. పెద్దలు రాచపుండు అని పిలిచిన క్యాన్సరు పై పొరలో పుట్టి ఈ రేకును దాటనంతవరకు దేహములో ఇతర స్థలములకు వ్యాపింపదు, కోసి తీసివేసిన కుదురును. దాటిన తరువాత రక్తనాళముల దారి దానికి దొరుకును. నోటి లోపలి పొరకును ఇట్టి రేకే యున్నది. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములలో చుట్ట నిప్పు కొనను నోటిలో పెట్టుకొని అడ్డపొగ త్రాగువారికి అంగిటిలో క్యాన్సరు వచ్చుట వైద్యులు బాగుగా ఎరిగిన సంగతి. నోటిలో గాని చర్మముమీద గాని మూడు వారములైనను మానని పుండున్నయెడల వెంటనే చూపించుకొనుడని చెప్పుటకు కారణమిదే. అది హద్దు దాటకముందే పట్టుకొనవలెను.

నాలుగవది, గాయము మాన్పుట. హద్దు నిలిచియున్నచోట అడుగు వరుస కణములు దానిమీద ప్రాకి తోలును మరల కట్టును, మచ్చ నిలువదు. వెండ్రుకల కుదుళ్ల చుట్టును చెమట గ్రంథుల చుట్టును ఈ హద్దు లోతుగా దిగియుండును. కాబట్టి పైన కాలిపోయినను ఆ గుంటలలో మిగిలిన కణములనుండి తోలు పుట్టగలదు. ఆ గుంటలు కూడ కాలిపోయినప్పుడే గట్టి మచ్చ పడును, వేరొకచోటి తోలు తెచ్చి అంటించవలసివచ్చును.

మరియొక సంగతి. మన రంగు నిచ్చు కణములు కూడ ఈ హద్దుమీదనే, అడుగు వరుసలోనే కూర్చుండును. నల్లనివారిలోను తెల్లనివారిలోను వాటి సంఖ్య ఇంచుమించుగా ఒక్కటే. అవి తయారుచేయు రంగులోనే తేడా. పెండ్లి సంబంధములు చూచునప్పుడు పిల్ల నలుపని తిరుగగొట్టువారు ఈ మాట జ్ఞాపకముంచుకొందురు గాక.

4. వ్రేలిముద్ర

వ్రేలి కొనలమీది గీతలకు మూలము ఈ హద్దులోనే యున్నది. శిశువు తల్లి గర్భములో నుండగానే, సుమారు పదవ వారము మొదలుకొని పదునేడవ వారమువరకు, పై పొర అడుగున గట్లు ఏర్పడును. పైన కనబడు గీతలు ఆ అడుగు గట్ల అచ్చు. అందుచేత చిన్న గాయమై పై తోలు పోయినను అదే ముద్ర తిరిగి వచ్చును. 1897లో కలకత్తాలో ప్రపంచములోని మొదటి వ్రేలిముద్రల కార్యాలయము స్థాపింపబడినది. ఒకని ముద్ర ఆయుష్కాలమంతయు మారదని గ్రహించుటచేతనే అది సాధ్యమాయెను.

2015 మొదలుకొని మన రాష్ట్రములో చౌకధరల దుకాణములలో వ్రేలిముద్ర యంత్రములు వచ్చినవి. ఉప్పుమడులలో పనిచేయువారి వ్రేళ్లను, సిమెంటు పనివారి వ్రేళ్లను, వృద్ధుల వ్రేళ్లను యంత్రము కొన్నిసార్లు గుర్తుపట్టదు. ఉప్పునీరు, మట్టి, సున్నము పై గీతలను అరగదీయును. అచ్చు మాత్రము లోపల అట్లే యుండును. కొన్ని వారములు పనికి విశ్రాంతి నిచ్చి నూనె రాచినయెడల గీతలు తేరుకొనును. వృద్ధులకైతే అచ్చే చదునగుటచేతను, తోలు ఎండుటచేతను గీతలు మసకబారును. వ్రేలిని యంత్రము ఒప్పుకొననంత మాత్రమున అవ్వ అబద్ధమాడినట్లు కాదు.

5. హద్దు విడిపోవునప్పుడు

తెడ్డు పట్టినచోట లేచు రాపిడి బొబ్బలో తోలు హద్దుకు పైననే, పై పొరలోనే విడుచును. అందుచేత అది త్వరగా మానును. వేడి గంజి పడి లేచిన బొబ్బ తరచుగా హద్దు దగ్గరనే విడుచును. ఏ బొబ్బకైనను పై తోలే మంచి కట్టు. దానిని చించరాదు. కాలినచోట సిరా, పేడ, టూత్‌పేస్టు పూయరాదు. చల్లని మంచినీళ్లు ఇరువది నిమిషములు పోయవలెను, మంచుగడ్డ పెట్టరాదు. బొబ్బ పెద్దదైనను, ముఖముమీద గాని చేతులమీద గాని లేచినను ఆసుపత్రికి పోవలెను.

కొందరు శిశువులు ఈ హద్దులోని ముడులలో ఒకటి లోపించి పుట్టుదురు. ఎత్తుకొన్నచోటనెల్ల వారికి బొబ్బలు లేచును. ఇది అంటువ్యాధి కాదు, తల్లి చేసిన పాపమువలన వచ్చినదియు కాదు. తల్లి తండ్రుల బీజములలో దాగియున్న లోపమువలన కలుగును. మేనరిక వివాహములలో అట్టి దాగిన లోపములు రెండు వైపులనుండి కలిసికొనుటకు ఎక్కువ అవకాశమున్నది. 2015లో జర్మనీలోని బోఖుమ్ పట్టణములో ఏడేండ్ల బాలునికి, ఇటలీ శాస్త్రజ్ఞుడు మికేలే దె లూకా బృందమువారు వాని కణములలోనే లోపమును సవరించి పెంచిన తోలును దేహములో సుమారు ఎనుబది వంతులకు అంటించిరి. ఆ సంగతి 2017లో ప్రచురింపబడెను. 2023లో అమెరికాలో ఇట్టి ఒక జాతి వ్యాధికి పుండ్లమీద పూయు బీజచికిత్స మందుకు అనుమతి దొరికెను. ఇవి మిక్కిలి ఖరీదైనవి. అయితే అట్టి బిడ్డను మెత్తని గుడ్డలో ఎత్తుకొనుటకును, ఆ తల్లిని వేరుపెట్టక యుండుటకును ఖర్చు లేదు.

6. వృద్ధాప్యములో హద్దు

ఇప్పుడు మా అవ్వయొద్దకు వత్తము. వయసు పెరిగినకొలది హద్దులోని అలలు తగ్గి చదునగును. మనము మొదట చూచిన రెండు అరచేతుల ఉపమానము జ్ఞాపకము చేసికొనుడి. వ్రేళ్లు ఒకదానిలో నొకటి దూర్చిన పట్టు పోయి, చదునైన అరచేతుల పట్టు మిగులును. అప్పుడు తిన్నగా నొక్కినందున అంత ప్రమాదము లేదు గాని, ప్రక్కకు లాగినయెడల పై పొర జారి చీరును. లో పొర కూడ పలుచబడును. రక్తనాళములకు చుట్టునున్న ఆసరా తగ్గుటచేత చిన్న తాకిడికే అవి చిట్లి తోలు క్రింద నల్లని మచ్చలు పడును. ముఖ్యముగా యౌవనమంతయు ఎండ తగిలిన ముంజేతులమీద ఇవి కనబడును. ఉబ్బసమునకు గాని కీళ్లనొప్పులకు గాని చాలకాలము స్టెరాయిడ్ మందులు వాడినవారికి ఇది మరింత ఎక్కువ.

ఈ కారణములన్నియు అవ్వ చేతిలో కూడుకొనియుండెను. మేము చూచినది దెబ్బ కాదు, ఎనుబది యేండ్ల వయసు.

7. ఇంటిలో చేయవలసినవి

వృద్ధులను చేయి పట్టి లాగరాదు, చంకలక్రింద పట్టి ఈడ్వరాదు. వీపు క్రింద మడిచిన దుప్పటి వేసి ఇద్దరు చెరియొక ప్రక్క పట్టుకొని ఎత్తవలెను. సేవచేయువారు గోళ్లు కత్తిరించుకొని, గాజులు పైకి త్రోసికొనవలెను. వృద్ధులకు పొడుగు చేతుల మెత్తని నూలు బట్ట తొడుగవలెను. మంచపు కోడులకు గుడ్డ చుట్టవలెను. మరుగు నీళ్లును బట్టల సబ్బును వాడరాదు. స్నానమైన తరువాత తోలును రుద్దక, గుడ్డతో అద్ది తుడిచి, మెల్లగా కొబ్బరినూనె గాని వాసనలేని లేపనము గాని రాయవలెను. ఆస్ట్రేలియాలోని వృద్ధుల ఆశ్రమములలో రోజుకు రెండుమార్లు చేతులకు కాళ్లకు లేపనము రాయగా తోలు చీరుట దాదాపు సగమునకు తగ్గినదని 2014లో ప్రచురింపబడిన పరిశీలన తెలియజేయుచున్నది.

తోలు చీరినయెడల చీరిన ముక్కను కత్తిరించరాదు. కాచి చల్లార్చిన నీళ్లతో కడిగి, తడి గుడ్డతో ఆ ముక్కను మెల్లగా దాని చోటనే పరచవలెను. దానిమీద అంటుకొనని జెల్లీ గాజుగుడ్డ వేసి వదులుగా కట్టవలెను. అంటుపట్టీ తోలుమీద వేయరాదు, తీయునప్పుడు మరల చీరును. తరువాత నర్సమ్మకు చూపించి ధనుర్వాతపు సూది విషయము అడుగవలెను.

8. తీర్పుకు ముందు

లేవీయకాండము 13వ అధ్యాయమును మేము అనేకమార్లు చదివియుంటిమి. అక్కడ యాజకునికి ఇయ్యబడిన మొదటి పని చర్మముమీది మచ్చ పైపైన నున్నదా, లోతునకు దిగినదా అని చూచుట. సందేహమున్నయెడల ఏడు దినములు ఆగి మరల చూడవలెను, అవసరమైతే ఇంకను ఏడు దినములు ఆగవలెను. ఆ అధ్యాయములోని వ్యాధి మాట నేటి కుష్ఠువ్యాధి ఒక్కదానికే చెందదు. అదే మాట బట్టలలోని మరకలకును, తరువాతి అధ్యాయములో ఇంటి గోడలకును వాడబడినది. నేటి కుష్ఠువ్యాధికైతే 1982 నుండి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన బహుళ ఔషధ చికిత్స యున్నది, అది పూర్తిగా కుదురును. అయితే లోతు చూడవలెను, ఆగవలెను అను ఆ రెండు పనులు నేటికిని పనికివచ్చును. మేము లోతు చూడలేదు. ఒక్క దినమైనను ఆగలేదు.

వృద్ధులను కొట్టువారు లేరని మేము చెప్పుట లేదు. వీపుమీదను, తొడలమీదను, చెవులమీదను దెబ్బలు, కఱ్ఱ వాత, త్రాటి గుర్తు, ఆకలితో చిక్కిన దేహము, ఒక్కొక్కమారు ఒక్కొక్క కథ, ఇట్టివి కనబడినప్పుడు ఊరకుండుట తప్పు. తలిదండ్రుల పోషణకు 2007లో చేయబడిన చట్టము కూడ యున్నది. అయితే అనుమానమును రుజువుగా ఎంచరాదు. ముందు నర్సమ్మను పిలువుడి, తరువాత పెద్దలను పిలువుడి.

మరుసటి ఆదివారము ఆరాధనలో అందరి యెదుట మేము ఆ కోడలిని క్షమాపణ అడిగితిమి. ఆమె ఏమియు మాటలాడలేదు. మధ్యాహ్నము మేము వారి యింటికి వెళ్లినప్పుడు ఆమె మడిచిన దుప్పటి ఒక చెఱగు మా చేతికిచ్చి, "అటుపక్క పట్టుకోండి అయ్యగారూ" అనెను. ఇద్దరము అవ్వను లేవదీసితిమి. తోలు చీరలేదు.

కుటుంబములలో చర్చించుటకు ప్రశ్నలు

1. ముల్లు గీరిన చార హద్దు దాటినదో లేదో ఎట్లు తెలిసికొందురు?
2. వృద్ధుల చేయి పట్టి లాగుటకును, దుప్పటితో ఎత్తుటకును గల తేడాను చేతి వ్రేళ్ల ఉపమానముతో పిల్లలకు వివరించుడి.
3. మీ వీధిలో మంచముపట్టిన వృద్ధులెవరు? వారిని లేవదీయుటకు రెండవ మనిషి ఎవరున్నారు?
4. లోతు చూడకుండ మనము ఎవరినిగూర్చియైనను తీర్పు చెప్పియున్నామా?